లారీకి దొర లేడు

ఆ ఏడు శివరాత్రి దాటిందో లేదో ఎండలు ముదిరిపోయాయి. ఒక మధ్యాహ్నం మా ఆయన ఎల్లస్వామి పగిలిపోయిన లారీ టైరు ఒకటి మెడకు తగిలించుకొని ఇంటికొచ్చాడు. దాన్ని వాకిట్లో దింపి, చెమట తుడుచుకొని, కొత్తగా కోడెదూడను కొనుక్కొచ్చినవాడిలా దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏందయ్యా గిది?" అన్నాను.

"చెప్పులు," అన్నాడు.

పందిరి కింద తోలు నానేసిన లంద దగ్గర కూర్చున్న మా మామ సోమన్న తలెత్తి చూసి, మళ్లీ దించుకున్నాడు. కొడుకు కొత్తగా ఏదన్నా మొదలుపెడితే ఆయన మాట్లాడే పద్ధతి అదే.

జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులవి. నేను కాపురానికొచ్చి ఎక్కువ కాలం కాలేదు. మా ఊరు కట్టంగూరుకు కోసెడు దూరం. ఊరి పడమటి కొసన చెప్పులు కుట్టేవాళ్ల గూడెం మాది. ఊర్లో ఏ గొడ్డు చచ్చినా తోలు ఒలిచేది మేమే, తంగేడు చెక్కతో ఊని పదును చేసేది మేమే. అయినా ఆ తోలు మాది కాదు. ముందు దొర ఉండే గడికి పోవాలి. దొరకూ దొర మనుషులకూ చెప్పులు, బావుల మీద మోటలకు తొండాలు, ఎద్దులకు వార్లు అన్నీ వెట్టికే కుట్టియ్యాలి. మిగిలిన ముక్కలతో రైతులకు కుట్టిస్తే పంటనాడు కళ్లంలో ఇన్ని గింజలు పోసేవాళ్లు. మా గూడెంలో ఆడవాళ్ల కాళ్లకు మాత్రం చెప్పులుండేవి కావు. కూలికి పోయే ఏ ఆడమనిషి కాళ్లకూ ఉండేవి కావు. తొడుక్కునే మగవాళ్లు కూడా గడి ముందు నుంచి పోయేటప్పుడు విడిచి చేత పట్టుకునేవాళ్లు.

పట్నం పోయే సడకు మీద చోటే మియా కొట్టం ఉండేది. పెట్రోలు దొరకక లారీలూ బస్సులూ వెనకాల బొగ్గు పొయ్యి తగిలించుకొని తిరుగుతున్న కాలం. నీళ్లకు, బొగ్గులకు, పంచర్లకు ప్రతి బండీ ఆ కొట్టం దగ్గర ఆగేది. చోటే మియా కొలిమితిత్తి చినిగితే అతకడానికి పోయి, మా ఆయన అక్కడ మూలన పడి ఉన్న టైర్లు చూశాడట. ఇన్ని ఊర్లు తిరిగిన రబ్బరు ఇంకా అరగలేదే, మనిషి కాలి కింద వేస్తే ఎన్నాళ్లు రావాలి అనుకున్నాడట. ఆ ఆలోచన ఆయన్ను పట్టుకుంది, ఇక వదల్లేదు.

టైరును కోయడం తోలును కోసినట్టు కాదు. తోలు కోసే రంపె దిగేదే కాదు. దిగినా రబ్బరు దాన్ని పట్టుకొని విడిచేది కాదు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఒకరోజు విసుగొచ్చి కత్తిని నీళ్ల బానలోకి విసిరేశాడు. తీసి మళ్లీ పెడితే, తడి కత్తి రబ్బరులోకి వెన్నలోకి దిగినట్టు దిగింది. ఆయన పెట్టిన కేకకు గూడెం కుక్కలన్నీ మొరిగాయి. తర్వాత పట్టెల కోసం లారీ ట్యూబు ముక్కలు తెచ్చాడు. మొలలు కొడితే కాలికి గుచ్చుకుంటున్నాయని, అడుగుకు బెజ్జాలు పెట్టి పట్టెల కొసలు అందులోంచి లాగి ముడేశాడు. అట్లా తయారైన మొదటి జతను నా ముందు పెట్టి నా మొహంలోకి చూశాడు.

చెప్పొద్దూ, అవి చూడటానికి బాగా లేవు. నల్లగా, బరువుగా, రెండు చచ్చిన ఎలుకల్లా ఉన్నాయి. కానీ ఆయన కళ్లు చూసి, "మంచిగున్నయి," అన్నాను.

మామ మాత్రం నోరు విప్పాడు. "తోలుకు పానముంటది. కాలు ఎటు వంగితే అటు వంగుతది. గిది ఏం వంగుతది? నీ లెక్కనే మొండిది."

నకిరేకల్లు అంగడికి ఒక గంప నిండా మోసుకుపోయాం. చెప్పులు కుట్టేవాళ్లు కూర్చునే చోటు అంగడికి ఆ చివర, గొడ్ల దొడ్డి పక్కన. మా ఆయన పొద్దున్నించీ అరుస్తూనే ఉన్నాడు. టైరు ఎన్ని ఊర్లు తిరిగిందో, ఎంత గట్టిదో, తడి కత్తితో ఎట్లా కోశాడో అన్నీ చెప్పాడు. జనం మూగి విన్నారు. నవ్వారు. ఒక రైతు ఒక చెప్పును కట్టెతో తిరగేసి, "గిది కాలికా, బండికా?" అన్నాడు. ఇంకొకాయన కొంచెం మర్యాదగా చెప్పాడు: "మాకు ఇంటికి చెప్పులు కుట్టిచ్చేటోడు ఉండనే ఉన్నడు. పంటకు గింజలు పోస్తున్నం. ఇగ కొనుడెందుకు?" పొద్దు వాలేదాకా కూర్చున్నాం. నిండు గంపతో వెనక్కి వచ్చాం. దారంతా ఆయన నాకంటే ముందు, వెనక్కి చూడకుండా నడిచాడు.

ఇంటికొచ్చాక గంపను ఓ మూలకు నెట్టేశాడు. "మందికి కండ్లు లెవ్వు. మంచిదేదో చెడ్డదేదో ఎరుకలేదు," అన్నాడు. ఆ రైతు అన్న మాట మాత్రం నా చెవుల్లో ఉండిపోయింది. ఇంటికి చెప్పులు కుట్టిచ్చేవాడు ఉన్నవాళ్లు మా చెప్పులు ఎందుకు కొంటారు? నిజమే. మరి లేనివాళ్లు?

ఆ రోజుల్లో ఆముదం చేన్లు కోతలయిపోయి మోళ్లు మిగిలాయి. పొయ్యిలోకి ఆ ఎండిన కట్టె ఏరడానికి గూడెం ఆడవాళ్లం, కూలి వాడ ఆడవాళ్లు కలిసి పోయేవాళ్లం. ఈటెల్లా నిలబడ్డ మోళ్లు, మధ్యలో పల్లేరు కాయలు. సాయంత్రం ఇంటికొచ్చి ముళ్లు తీసుకోవడమే ఒక పని. ఒకరోజు నేను ఆ గంపలోంచి ఒక జత తీసి చీరకొంగులో చుట్టుకుపోయి, గడి కనబడనంత దూరం పోయాక తొడుక్కున్నాను. నా కాళ్లకు పెద్దవి. అయినా ఆముదపు మోళ్ల మీద దబదబా నడిచాను. పుట్టిన తర్వాత భూమిని చూడకుండా నడవడం నాకు అదే మొదటిసారి. తలెత్తి నడుస్తుంటే ఎదురుగా గుట్టలు కనిపించాయి. రోజూ ఆ దారినే పోతున్నా వాటిని అంతసేపు నేనెన్నడూ చూడలేదు.

కూలి వాడ బిక్షమ్మ నన్నే చూస్తోంది. పెద్ద మనిషి, ఆ వాడ కూలీలను ముందుండి నడిపించేది. ఆమె మడమలు ఎండిన చెరువులా పగిలి ఉండేవి.

"జర నాకియ్యి పిల్లా, గా ఒడ్డు దాకా పోయొస్త," అంది.

ఒడ్డు దాకా పోయింది. పోయిందీ పోయిందే. సాయంత్రం ఇంటికి వాటితోనే పోయింది. అడగడానికి మొహమాటమేసి నేను ఊరుకున్నాను. కొన్నాళ్లకు ఆమె మా వాకిట్లోకి వచ్చి మా ఆయన ముందు కాళ్లు చాపి కూర్చుంది.

"అడుగు మంచిగున్నది ఎల్లన్నా. ముల్లు కాదు గదా, మేకు దిగది. కాని నీ పట్టె ఎండకు సుర్రున కాలుతాంది. వేలు కోస్తాంది. సూడు గిట్ల." వేలి సందు పుండై ఉంది.

మా ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. మొదట వచ్చింది కూడా. "పుక్కటికి తొడిగి వంకలు పెడ్తున్నవా?" అన్నాడు. తర్వాత ఆ పుండు వైపు చూశాడు. అప్పటిదాకా ఆయన అన్ని జతలూ తన కాలి కొలతకే కోశాడు. బిక్షమ్మను లేపి, పొయ్యిలోని బూడిద తెచ్చి నేల మీద పరిచి, "గీడ అడుగేయి," అన్నాడు. ఆ పాదం ముద్ర చుట్టూ మోకాళ్ల మీద తిరుగుతూ చూశాడు. నేను పాత గొంగడి చింపి పట్టె కింద పెట్టి కుట్టి చూపించాను. కాలిందీ లేదు, కోసిందీ లేదు.

"అంగడికి మళ్ల పోదాం," అన్నాను.

"మళ్ల నవ్విచ్చుకోనీకా?"

"గా కొసకు వద్దు. కూలోళ్లు వచ్చే బాట పొంట కూసుందాం. నువ్వు టైరు ముచ్చట ఏం చెప్పకు. తొడిగిద్దాం. తొడుక్కొని అంగడంత తిరిగి, పోయేటప్పుడు కావాలంటే ఉంచుకుంటరు, లేకుంటే ఇస్తరు."

"ఎత్కపోతే?"

"పోతే కాళ్లకే గదా ఉంటయి. నడిచిన కాడల్ల నలుగురు సూస్తరు."

ఆయన నన్ను కొత్తగా చూసినట్టు చూశాడు.

అంగడికి పోయే ఆ బాట పక్కన తుమ్మకంప పడి ఉండేది. నేను చెప్పులు తొడుక్కొని దాని మీద నిలబడ్డాను, అంతే. మా ఆయన బూడిద పరిచి కూర్చున్నాడు. మొదట ఇద్దరు ఆడవాళ్లు నవ్వుతూ వచ్చి అడుగేశారు. వాళ్లను చూసి మరికొందరు వచ్చారు. తిరిగి పోయేటప్పుడు ఒకామె జొన్నలు కొంగు విప్పి పోసింది, ఒకామె ఆముదాలు పోసింది. గొర్లు కాసుకునే ఒకాయన తన భార్యకు ఒక జత, తనకో జత తీసుకొని రెండు చేతులకూ తొడుక్కొని నేల మీద గుద్ది చూశాడు. ఒక్క జత మాత్రం తిరిగి రాలేదు. దానికోసం మా ఆయన చాలా రోజులు బాధపడ్డాడు. కానీ ఆ జత తీసుకుపోయినామె ఊరి నుంచే తర్వాతి అంగడికి ఆడవాళ్లు గుంపుగా వచ్చారు.

ఆ సాయంత్రం మేం ఖాళీ గంపతో, గింజల మూటతో ఇంటికి వచ్చిన దారి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఆయన ముందు నడవలేదు. నా పక్కన నడిచాడు. గాలి చల్లబడింది. ఎక్కడో చెరువుకట్ట మీద తాటికల్లు దించుతున్నారు. ఆయన ఒకటే మాట్లాడుతున్నాడు. పిల్లలకు చిన్నవి చేయాలి, గొర్లకాపరులకు వెనక పట్టె పెట్టాలి, ఇంకా ఏమేమో. మధ్యలో ఆగి, "నువ్వు చెప్పకుంటే నేనింక టైర్లు మోసుకుంట మందిని తిడుతుంటి, బాలా," అన్నాడు. నా పేరు బాలనర్సమ్మ. ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అరుదు. నేను మూట ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాను.

ఉగాది పోయింది. ఎండలు ఇంకా ముదిరాయి. చుట్టుపక్కల ఊర్లలో మా చెప్పులు నడుస్తున్నాయి. మా ఊర్లో మాత్రం ఆడవాళ్లు వాటిని గడి దాటేదాకా గంపలో దాచుకొని, దాటాక తొడుక్కునేవాళ్లు.

ఒక పొద్దున గడి ముందు వెట్టి ఆడవాళ్లు పేడనీళ్ల సాన్పు చల్లి పోయాక, ఆ తడి నేల మీద అచ్చులు పడ్డాయి. లారీ చక్రం అచ్చులే, కానీ చిన్నవి, ఒకదాని ముందు ఒకటి. దొర బయటికొచ్చి చూసి, "లారీ వచ్చిందా?" అని అడిగాడట. ఎవరూ పలకలేదట. ఆ అచ్చులు గడి దర్వాజ ముందు నుంచి, ఎక్కడా పక్కకు తప్పుకోకుండా, తిన్నగా కూలి వాడ దాకా పోయాయి. బిక్షమ్మ వాడ. మతిమరుపున విడవడం మరిచిందో, విడవబుద్ధి కాలేదో నేను ఆమెను ఎన్నడూ అడగలేదు.

గడి పెద్ద జీతగాడు దశరథం మా వాకిట్లోకి వచ్చాడు. మా ఆయన టైరు కోస్తూ ఉన్నాడు. లేచి నిలబడ్డాడు, చేతిలో తడి కత్తితో.

"ఎల్లిగా, గడి ముందట ఎవలో చెప్పులేసుకొని నడిచిన్రు. ఎవలు?"

"నాకేం ఎరుకయ్యా. శానమంది కాళ్లకున్నయి."

"దొర ఏం చెప్పమన్నడంటే, ఇగ కూలోళ్లకు అమ్మొద్దు. గడిల జీతగాండ్లందరికి తలా జత కుట్టియ్యాలె. వెట్టికే."

మామ లంద దగ్గర నుంచి లేచి వచ్చాడు, ఏదో సర్దిచెప్పబోతున్నట్టు. మా ఆయన అంతలోనే అన్నాడు. గొంతు పెంచలేదు. ఎదురు తిరిగినట్టు కూడా అనలేదు. దారి అడిగినవాడికి దారి చెప్పినట్టు అన్నాడు.

"తోలు చెప్పులు కుట్టిస్తనయ్యా, ఎప్పటి లెక్కనే. తోలు దొరదే. గిది తోలు గాదు. ఏ ఊరి గొడ్డుదీ గాదు. లారీది. లారీకి దొర లేడు."

దశరథం రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. పందిరి గుంజకు ఆనుకొని, నేల వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు.

"గీ మాట నేను పోయి చెప్తే నీ పెయ్యి మీద తోలుండది. చెప్పకుంటే నా పెయ్యి మీద ఉండది. పోయేటప్పుడు నాకు బాయికాడ పనున్నది. ఎండ తిరిగినంక గడికి పోతా. గంతల నువ్వు ఊర్ల ఉండకు."

ఆయన పోయాడు. మా ఆయన కత్తిని కడిగి నాకిచ్చాడు. అన్నం తినమన్నాను. రెండు ముద్దలు తిని లేచాడు. మామ ఒకటే మాట అన్నాడు: "పో." కొడుకు భుజం మీద చెయ్యి వేయబోయి, ఆ చేత్తోనే పందిరి వాసం పట్టుకున్నాడు.

చేన్లకడ్డం పడి సడకు దాకా నేను ఆయన వెంట నడిచాను. చోటే మియా మా సంగతి విని, పట్నం పోయే మిరపకాయల లారీని ఆపాడు. డ్రైవరుకు ఉర్దూలో ఏదో చెప్పి, నా వైపు తిరిగి, "ఫికర్ చెయ్యకు బేటీ, పట్నంల మా వోళ్లున్నరు," అన్నాడు. మా ఆయన బస్తాల మీదికెక్కాడు.

"వానలు పడంగ వస్త," అన్నాడు.

లారీ కదిలింది. పొయ్యి పొగ ఆయన్ను కప్పేసింది. పొగ పోయేసరికి లారీ మలుపు తిరిగింది.

పొద్దు దిగకముందే గడి మనుషులు వచ్చారు. లంద పగలగొట్టారు. కొడుకు ఎక్కడని మామను అడిగారు. మర్నాడు ఆయన్ను గడి ముందు ఎండలో నిలబెట్టారు. నెత్తిన బండ పెట్టారని తర్వాత ఎవరో చెబితే తెలిసింది, ఆయన చెప్పలేదు. ఇంటికి వచ్చి కడివెడు నీళ్లు తాగి, కాసేపు గోడకు ఆనుకున్నాడు. ఆ తర్వాత టైరు దగ్గరికి పోయి కూర్చొని, కత్తిని నీళ్లలో ముంచి, నన్ను అడిగాడు.

"ఎంత ఎడల్పు కొయ్యాలె?"

ఆ మాటకు నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన నేను ఆపేదాకా ఆగి, మళ్లీ అడిగాడు.

ఇంటి దగ్గర ఇక కుదరదని, చోటే మియా తన కొట్టం పక్కనే జాగా ఇచ్చాడు. అది సర్కారు సడకు. పోలీసు మోటార్లు కూడా ఆయన దగ్గరే ఆగేవి గనుక గడివాళ్లు అక్కడికి వచ్చేవాళ్లు కాదు. గడి తోలు పని మామ ఎప్పట్లానే చేసిచ్చేవాడు. మిగిలిన పొద్దంతా నా దగ్గరికి వచ్చి టైరు కోసేవాడు. చోటే మియా భార్య జులేఖక్క మాకు మంచినీళ్లిచ్చేది, పాత గొంగళ్లు సేకరించి పెట్టేది. మా దగ్గరికి జనం వచ్చారు. ఎక్కడో దేవరకొండ దిక్కు నుంచి కూడా పొద్దంతా నడిచి వచ్చారు. వచ్చినవాళ్ల కాళ్లు చూసి వాళ్లే పని చేస్తారో చెప్పడం నేర్చుకున్నాను. రాళ్లు కొట్టేవాళ్లకు ముందు వైపు మందం ఉంచాలి. నాట్లకు పోయేవాళ్లకు ఒడ్ల మీద జారకుండా గాట్లు తగ్గకూడదు. అన్నీ నేర్చుకున్నాను. నేర్చుకున్న ప్రతిదీ ఆయనకు చెప్పాలని ఉండేది.

పట్నం వైపు నుంచి ఏ లారీ వచ్చినా నా చేతిలో పని ఆగిపోయేది. కొన్ని లారీలు ఆయన మాటలు మోసుకొచ్చేవి. మూసీ ఒడ్డున చెప్పులు కుట్టేవాళ్ల వరుసలో చోటు దొరికిందని ఒక డ్రైవరు చెప్పాడు. "పట్నంల ఎడల్పు పట్టె అడుగుతున్రట, గట్ల కొన్ని పంపుమన్నడు," అని ఇంకొకడు చెప్పాడు. నేను కూడా వాళ్లతోనే చెప్పి పంపేదాన్ని. "మామ మంచిగున్నడని చెప్పన్నా. ట్యూబులు అందినయని చెప్పన్నా." పరాయి మగవాళ్ల నోట ఇంకేం చెప్పి పంపగలను? రోజూ సాయంత్రం ఆయన కూర్చునే వైపు వాకిలి నేను ఊడవడం లేదని, ఊడిస్తే ఆయన అడుగులు పోతాయని చెప్పి పంపగలనా? డ్రైవర్లు నా మాటలు తీసుకుపోయేవాళ్లు. ఆయన మాటలు తెచ్చేవాళ్లు. అన్నీ చెప్పుల మాటలే.

తొలకరి వానల మిరుగు కార్తె దగ్గర పడింది. ఒక రోజు మధ్యాహ్నం మబ్బులు కమ్ముకున్నాయి, గాలి లేదు. పట్నం వైపు నుంచి ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగాడు. అటువైపు తలుపు తెరుచుకొని మా ఆయన దిగాడు.

చిక్కిపోయాడు. పట్నం అంగీ తొడుక్కున్నాడు. కాళ్లకు తను చేసినవే. మామ ఆ రోజు గడిలో పనికి పోయాడు, లేడు. నేను లేచి నిలబడ్డాను. ఆయన వచ్చి లారీ నీడలో కూర్చున్నాడు. నేనూ కొంచెం దూరంగా కూర్చున్నాను. చోటే మియా లారీకి నీళ్లు పోస్తున్నాడు, డ్రైవరు బొగ్గులు ఎగదోస్తున్నాడు. మాకున్నది ఆ కాస్త సేపే.

"మంచిగున్నవా?" అన్నాడు.

"మంచిగున్న. నువ్వు?"

"ఉన్న."

ఆయన నా ముందున్న జత ఒకటి చేతిలోకి తీసుకొని వంచి చూశాడు. "పట్టె మంచిగ కుట్టినవు," అన్నాడు. అంతే, నేను మొదలుపెట్టాను. అంగడి ముచ్చట చెప్పాను. దేవరకొండ దిక్కువాళ్ల ముచ్చట, రాళ్లు కొట్టేవాళ్ల ముచ్చట, మామ ఇప్పుడు నాకంటే బాగా కోస్తున్నాడని, పిల్లలకు చిన్నవి చేస్తే తల్లులు ఎట్లా మురిసిపోయారో, అన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆయన నా మొహం చూస్తూ విన్నాడు. నేను ఆగితే తను చెప్పాడు. పట్నంలో ఎండకాలం నాంపల్లి స్టేషను దగ్గర హమాలీలు ఎట్లా కొన్నారో, పక్కవాళ్లు తననుంచి తడి కత్తి పని ఎట్లా నేర్చుకున్నారో చెప్పాడు. ఆయన చెప్తుంటే ఆ పట్నం ఆయనకు ఎంత బాగుందో అనుకున్నాను. అక్కడ ఎవరూ ఆయన్ను ఎల్లిగా అనరు.

డ్రైవరు హారను కొట్టాడు. ఆయన లేచాడు. చెప్పుల గంపను నేను లారీలోకి అందించాను. ఆయన ఒకసారి లారీ ముందు సీటు వైపు చూశాడు, ఒకసారి నా వైపు చూశాడు.

"ఇగ పోతా మరి," అన్నాడు.

"మల్ల వచ్చేటప్పుడు ట్యూబులు తే," అన్నాను.

లారీ పోయింది. నేను గంపలు సర్దుకుంటుంటే జులేఖక్క కొట్టంలోంచి బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, నా దగ్గరికి వచ్చింది.

"నువ్వెందుకు పోలే?" అంది.

"ఎటు?"

"ఆయన డ్రైవరుకు చెప్పి తెచ్చుకున్నడమ్మా, ముందట నీకు జాగా ఉంచుమని. మీ మామను మేం చూసుకుంటమా అని మియాను గూడ అడిగి పంపిండు. చూసుకుంటమన్నడు మియా. నీకు చెప్పలేదా?"

అప్పుడే వాన మొదలైంది. పెద్ద పెద్ద చినుకులు దుమ్ములో పడి మాయమవుతున్నాయి. జులేఖక్క చెప్పులు తడుస్తున్నాయని గంపలు లోపలికి లాగుతోంది. నేను సడకు మీదికి పోయి నిలబడ్డాను. లారీ కనబడలేదు. వాన పెరిగేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ తర్వాత ఆయన ఇంకో రెండుసార్లు అట్లాగే లారీలో వచ్చిపోయాడు. అప్పటికి మామ మంచం పట్టాడు. ఆయన్ను విడిచి నేను పోగలిగేదాన్ని కాదు. మామ పోయిన కొన్నాళ్లకే దొరల మీద ఊర్లు తిరగబడి, గొడవలు ముదిరి సడకు మీద బండ్లు ఆగిపోయాయి. దొర గడికి తాళం వేసి పట్నం పారిపోయాడు. ఆ ఏడే, దొర పోయిన దారినే, మా ఆయన నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. వెట్టి పోయింది. అప్పటికి ఊరూరా ఎవరో ఒకరు టైరు చెప్పులు కుడుతున్నారు. మేమూ కుట్టాం. పిల్లలు పుట్టారు. కష్టమో సుఖమో చాలా ఏండ్లు కలిసే ఉన్నాం.

ఆ మధ్యాహ్నం సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. పిల్లల పెండ్లిళ్లయి, మేమిద్దరమే మిగిలాక, ఒక రోజు పందిరి కింద పని చేసుకుంటూ నేనే అడిగాను.

"గప్పుడు లారీల నాకు జాగ ఉంచుమని తెచ్చినవంట."

ఆయన కుడుతున్న చేయి ఆగింది. "ఎవలు చెప్పిన్రు?"

"జులేఖక్క. గా దినమే చెప్పింది."

బెజ్జాలు పొడిచే ఆరెను పక్కన పెట్టి అన్నాడు. "అడుగుదామనే వచ్చిన. నువ్వు అంగడి ముచ్చట చెప్తుంటే నీ మొఖం సూసిన. గంత సంబురం నీ మొఖంల ఎన్నడు సూడలే. గా పని నుంచి నిన్ను ఇడిపిచ్చుక పోబుద్ధి కాలే."

"సంబురం గాదది," అన్నాను. "మాట ఆపితే ఏడుస్తనని."

ఆయన నా వైపు చూశాడు. వెంట్రుకలన్నీ తెల్లబడ్డ మనిషి, కొత్తగా పెండ్లయినవాడిలా తడబడుతూ అడిగాడు.

"అడుగుతే వస్తుంటివా?"

"వస్తుంటి," అన్నాను.

మామ గురించి, పొద్దంతా నడిచి వచ్చే ఆ ఆడవాళ్ల గురించి ఆలోచించకుండానే అన్నాను. ఆయన తల ఊపి, ఆరె అందుకొని, పట్టెకు బెజ్జం పెట్టడానికి చూశాడు. కళ్లు ఆనడం లేదని, ఆ జత నాకు అందించాడు.